గోదావరి ఒడ్డున మతాల వయసు

కొవ్వూరు గోష్పాద క్షేత్రంలో పిండప్రదానం చేయించే పురోహితుడు కర్తను గోత్రం అడిగాక మూడు పేర్లు అడుగుతాడు. తండ్రి, తాత, ముత్తాత. తాత పేరు దాకా చాలామంది తడుముకోకుండా చెబుతారు. ముత్తాత దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. పక్కన నిలబడ్డ మేనత్త వైపు చూస్తారు, లేకపోతే ఊళ్లో ఉన్న పెదనాన్నకు ఫోన్ చేస్తారు. ఎవరికీ గుర్తు లేకపోతే ఏం చెప్పాలో కూడా శాస్త్రంలో ఉంది. ముత్తాతకు పైవాళ్లకు విడిగా పిండం లేదు. పిండాలు పెట్టాక చేతికి అంటుకున్న మెతుకులను దర్భలకు తుడుస్తారే, అదే వాళ్ల వాటా.

మన సొంత జ్ఞాపకం అంతవరకే. అయినా మతాల ప్రసక్తి వస్తే ఈ ఒడ్డున అందరి నోటా వేల ఏళ్ల లెక్కలే. మాది వేదకాలం నాటిదని ఒకరంటారు. మాది రెండు వేల ఏళ్ల సంఘమని ఇంకొకరు. ఆదాము నుంచీ ఉన్నది మా ధర్మమేనని మరొకరు. నిన్నగాక మొన్న పుట్టినదాన్ని నమ్మడమేమిటన్న మాట కూడా వినబడుతూనే ఉంటుంది. ఇంతకీ ఎక్కువ కాలం నిలిచిన మతానికి ఎక్కువ నమ్మదగిన గుణం ఉంటుందా? ఉండదని నా అభిప్రాయం. పాతదనానికి గౌరవం దక్కాలి. ఎందరో మనుషులు దాని నీడన పుట్టారు, పెళ్లాడారు, చనిపోయారు కాబట్టి దక్కాలి. కానీ ఆ మతం లోకం గురించి, దేవుడి గురించి చెప్పినది నిజమా కాదా అన్నదానికి వయసు సాక్ష్యం చెప్పలేదు. ఇందుకు ఆధారం కోసం దూరం పోనక్కర్లేదు, ఈ నదికి రెండు వైపులా ఉన్న నేల చరిత్ర చాలు.

కొవ్వూరుకు పడమరగా, కామవరపుకోట దగ్గర, గుంటుపల్లి కొండ ఉంది. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నాటికే అక్కడ బౌద్ధ భిక్షువులు రాతిని తొలిచి విహారాలు చేసుకున్నారు. కొండలో గుండ్రంగా తొలిచిన చైత్యం ఒకటి, దాని నడుమ రాతి స్తూపం. ఆ స్తూపమే ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ధర్మలింగేశ్వరుడు. కోనసీమలోని ఆదుర్రులోనూ స్తూపం బయటపడింది. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఆంధ్రదేశానికి వచ్చినప్పుడు వేంగి చుట్టుపక్కల ఇరవై పైచిలుకు సంఘారామాల్లో మూడు వేల మంది భిక్షువులు ఉన్నారని రాసుకున్నాడు. దేవాలయాలు ముప్పైకి పైగా ఉన్నాయని కూడా రాశాడు. అంటే ఆనాటికి ఇక్కడ బౌద్ధం వయసు తక్కువలో తక్కువ ఎనిమిది వందల ఏళ్లు. తూర్పు చాళుక్యుల కొలువు అప్పుడప్పుడే కుదురుకుంటోంది. వయసే కొలమానమైతే ఆనాటి వేంగిలో పురాణ దేవతల కొత్త గుళ్లకంటే బౌద్ధానికే ఎక్కువ పరపతి ఉండాలి. కొన్ని శతాబ్దాలు గడిచేసరికి సంఘారామాలు దిబ్బలయ్యాయి.

రాజుల ఇళ్లలో ఈ లెక్క ఇంత కచ్చితంగా కూడా నడవలేదు. నాగార్జునకొండ ఇక్ష్వాకుల్లో వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన చెల్లెలు చాంతసిరి బుద్ధుడి మహాచైత్యానికి దానాలు చేసింది. అన్న యజ్ఞానికీ, చెల్లెలు స్తూపానికీ ఖర్చు పెట్టిన ఆ ఇంట్లో ఏ మతం పాతదన్న తగవు వచ్చినట్టు శాసనాల్లో ఎక్కడా కనబడదు.

జైనుల కథ ఇంకా తీవ్రమైనది. పదో శతాబ్దంలో వేంగిని ఏలిన రెండో అమ్మరాజు అత్తిలి సీమలోని కలుచుంబర్రు అనే ఊరిని జైనాచార్యుడు అర్హనందికి ధారపోశాడు. సర్వలోకాశ్రయ జినభవనం అనే జైనాలయంలో అన్నసత్రం మరమ్మతులకు ఆ దానం. రాజు చేత దాన్ని ఇప్పించింది చామెకాంబ అనే ఆమె, అర్హనంది శిష్యురాలు. రాగిరేకుల మీద చెక్కించిన దానం అది, సూర్యచంద్రులున్నంత కాలం సాగాలని రాయించే కోవలోది. ఆనాటి జైనుడు తన మతం వయసు చెప్పాలనుకుంటే మహావీరుడి నుంచి పదిహేను వందల ఏళ్లు చూపించగలడు. అక్కడితో ఆగకుండా మహావీరుడు ఇరవై నాలుగో తీర్థంకరుడేనని, మొదటివాడైన ఋషభుడి కాలం మనుషుల లెక్కకు అందదని కూడా అనగలడు. అంత వయసు ఉండీ ఈ సీమలో జైనం ఊళ్ల నుంచి తుడిచిపెట్టుకుపోయింది. ఆర్యావటం, జల్లూరు, పిఠాపురం వైపు దొరికిన తీర్థంకరుల విగ్రహాలే మిగిలాయి. రాజాశ్రయం తప్పింది, వర్తకుల దారులు మారాయి, శైవం ఉద్ధృతంగా వచ్చింది. జైనం చెప్పిన అహింస మాత్రం దానశాసనం చెల్లినప్పుడు ఎంత నిజమో, చెల్లకుండా పోయాక కూడా అంతే నిజం. ఒక మతం ఎంతకాలం నిలిచిందో చూస్తే దానికి ఎవరు భూములిచ్చారో తెలుస్తుంది, ఎవరు గుంజుకున్నారో తెలుస్తుంది. అది చెప్పిన మాట సంగతి వేరు.

ఇంకొకటి కూడా గమనించాలి. కొత్తగా వచ్చిన ప్రతి మతమూ తనకంటూ ఒక పాత వయసును సంపాదించుకుంది. గౌతమ బుద్ధుడికి ముందు ఆరుగురు బుద్ధులు ఉన్నారని బౌద్ధులు చెప్పుకున్నారు. ఇస్లాం తాను కొత్తగా పుట్టలేదని, ఇబ్రహీం నడిచిన దారేనని ప్రకటించుకుంది. రోమన్ల కాలంలో ఈ పోటీ మరీ బాహాటంగా నడిచింది. చరిత్రకారుడు టాసిటస్‌కు యూదులంటే గిట్టేది కాదు. అయినా వాళ్ల ఆచారాలు ప్రాచీనమైనవన్న ఒక్క సమర్థన మాత్రం వాటికి ఉందని ఒప్పుకున్నాడు. యూదుడైన జోసీఫస్ తన జాతి గ్రీకులకంటే ఎంత పాతదో రుజువు చేయడానికి మొదటి శతాబ్దం చివర ఒక గ్రంథమే రాశాడు. క్రైస్తవులను నిన్నమొన్నటి వాళ్లని సెల్సస్ లాంటి తాత్వికులు ఎగతాళి చేస్తే, మా మోషే మీ హోమర్‌కంటే ముందువాడని టేషియన్ లాంటి క్రైస్తవ రచయితలు బదులిచ్చారు. ఈ రోజు క్రైస్తవాన్ని కొత్తదని తోసిపుచ్చేవాళ్లూ, రెండు వేల ఏళ్ల పాతదని ఆ మాటకు అడ్డుపడేవాళ్లూ ఆ రోమన్ తగవునే తెలుగులో కొనసాగిస్తున్నారు.

మన ఒడ్డునే వయసును ఎలా లెక్కకట్టారో చూద్దాం. 2015 జులైలో జరిగిన గోదావరి పుష్కరాలను 144 ఏళ్లకు ఒకసారి వచ్చే మహా పుష్కరమని చాటారు. పన్నెండేళ్ల పుష్కరాలు పన్నెండు కలిస్తే 144. కానీ పుష్కరానికి ఆధారం బృహస్పతి సింహరాశి ప్రవేశం. ఆయన రాశిచక్రం ఒకసారి చుట్టి రావడానికి పట్టేది సుమారు 11.86 ఏళ్లు. అందుకే 1991లో ఆగస్టు నడుమ వచ్చిన పుష్కరం 2003లో జులై ఆఖరుకు, 2015లో జులై నడిమికి జరిగింది. ఆ లెక్కన పన్నెండు చుట్లు పూర్తయ్యేది 142 ఏళ్ల పైచిలుకుకే. పంచాంగకర్తలకు ఇది తెలియని సంగతి కాదు. అయినా 144 అన్న అంకె జనంలోకి వెళ్లింది. తరతరాలుగా ఎవరికీ దొరకనిది మనకు దొరికిందన్న భావం ఒక స్నానానికి ఎంత బరువు తెస్తుందో ఆ రోజుల్లో ఇక్కడ ఉన్నవాళ్లకు తెలుసు. మొదటి రోజు, జులై 14న, అవతలి ఒడ్డున రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయారు. ఆ చావులకు ఏర్పాట్ల లోపం సహా కారణాలు చాలా ఉన్నాయి. నదిలో మునగడం పవిత్రమని నమ్మేవాడికి 142 ఏళ్లయినా 144 ఏళ్లయినా ఒకటే కావాలి, మొదటి రోజైనా పన్నెండో రోజైనా ఒకటే కావాలి. నమ్మకానికి లేని అవసరాన్ని అంకె తెచ్చిపెట్టింది.

సంప్రదాయం పాతది కాబట్టి నమ్మాలన్న వాదనను అందరికంటే కఠినంగా పరీక్షించింది సంప్రదాయంలోని పండితులే. ఈ సంగతి ఎక్కువమందికి తెలియదు. కొవ్వూరులో ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠం ఉంది. సంస్కృత శాస్త్రాలకు ఈ ఊరు పేరు మోసింది. మీమాంస చదివినవాళ్లకు శబరస్వామి భాష్యం తెలిసే ఉంటుంది. స్మృతులు ఎందుకు ప్రమాణం అన్న ప్రశ్న వచ్చినచోట శబరుడు ముందుగా ఒక ఆక్షేపణ లేవనెత్తుతాడు. పుట్టుగుడ్డి ఒకడు ఒక రంగు గురించి చెబితే, అతణ్ని అడిగితే ఇంకో పుట్టుగుడ్డి పేరు చెబితే, అలా ఎంతమంది వరసగా నిలబడినా ఆ రంగు గురించి తెలిసినట్టు అవుతుందా? దీనికి ఆయన ఇచ్చే సమాధానం స్మృతుల వెనుక ఎక్కడో వేదం ఉంటుందని. కానీ అంతకు ముందే, బుద్ధుడు బ్రాహ్మణ యువకులతో మాట్లాడుతూ, ఆ వేద పరంపర గురించే గుడ్డివాళ్ల వరస పోలిక చెప్పినట్టు పాళీ సూత్రాల్లో ఉంది. ముందున్నవాడికి కనబడదు, నడిమివాడికి కనబడదు, వెనుకవాడికి కనబడదు. వేదాన్ని నిలబెట్టాలనుకున్నవాడూ, వేదాన్ని తోసిపుచ్చినవాడూ ఒకే పోలికను పట్టుకున్నారు. వరస పొడవు ఎంతన్నది ఇద్దరికీ ముఖ్యం కాలేదు, మొదట ఎవరు చూశారన్నదే ఇద్దరికీ కావాలి.

శబరుడు ఇంకో అడుగు వేశాడు. యజ్ఞంలో వైసర్జన హోమానికి సంబంధించిన వస్త్రాన్ని అధ్వర్యువు తీసుకోవాలని ఒక స్మృతివాక్యం. అది ప్రమాణమా? కాదన్నాడు. ఆ వాక్యం వెనుక ఋత్విక్కు లోభం కనబడుతోంది, లోభం కనబడినచోట దాన్ని వేదం దాకా తీసుకుపోనక్కర్లేదన్నాడు. కర్మకాండను ప్రాణంగా చూసుకున్నవాడు అన్న మాట ఇది. పదిహేను వందల ఏళ్లు దాటినా ఆ పరీక్ష పదును పోలేదు. ఆచారం ఎంత పాతదైనా దాని వల్ల ఎవరి ఇల్లు నిండుతోందో అడగమన్నాడు. మన ఊళ్లలో సంప్రదాయం పేరు చెప్పేవాళ్లు ఈ ప్రశ్నను తమ మీద తాము వేసుకుంటే ఎంతో బాగుండేది.

కాశ్మీరంలో తొమ్మిదో శతాబ్దపు జయంతభట్టు దీన్ని రాజనీతి దాకా తీసుకెళ్లాడు. ఏ ఆగమాలను ఒప్పుకోవాలన్న చర్చలో ఆయన పెట్టిన షరతుల్లో పరంపర తెగకుండా ఉండటం, కొత్తగా కల్పించినది కాకపోవడం, లోభం మూలం కాకపోవడం, పెద్దలు ఆదరించడం ఉన్నాయి. శంకరవర్మ రాజు నీలాంబర వ్రతం అనే శాఖను నిషేధించాడని, అది కొత్తగా పుట్టుకొచ్చినది కావడమే కారణమని, జైనులలాంటి పాతవాళ్ల జోలికి పోలేదని ఆయనే రాశాడు. నీలాంబరులు ఒకే నీలి దుప్పటి కింద స్త్రీపురుషులు కలిసి తిరిగేవారని చెబుతారు. అది తప్పనిపిస్తే తప్పని చెప్పి ఆపవచ్చు. కొత్తదని చెప్పి ఆపడం మాత్రం నాకు మింగుడుపడదు. ఋషభుడి శిష్యులూ ఒకనాడు కొత్తవాళ్లే. జయంతుడి బుద్ధి విశాలమైనదే, భిన్న మతాలకు చోటిచ్చినవాడే. అంతటివాడు కూడా కొత్తదనం దగ్గరే తలుపు వేశాడు.

మళ్లీ గోదావరి ఒడ్డుకు వస్తే, రాజమండ్రి జామియా మసీదు శాసనం 1324 నాటిది, తుగ్లక్ సేనలు వచ్చినప్పటిది. పూర్వం అక్కడ వేణుగోపాలస్వామి గుడి ఉండేదని ప్రతీతి. ఆ తగవు ఇక్కడ తీర్చేది కాదు. ఏడు వందల ఏళ్ల మసీదు, ఇవాళ మనం దారి పొడుగునా చూసే సిమెంటు గోపురాల్లో చాలా భాగానికంటే వయసులో పెద్దది. అంతమాత్రాన ఏది నిజమో తేలుతుందా?

1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి బయలుదేరిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు నరసాపురంలో స్థిరపడ్డాయి. చేతిపనుల మీద బతికిన సామాన్యులు. ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట కట్టిస్తున్న 1847–52 మధ్య కాలంలో అక్కడికి చేరిన కూలీల మధ్య ఈ మిషనరీలు బోధించారు. రాజమండ్రిలో లూథరన్ మిషన్ 1845లో మొదలైంది. డెల్టా మాలపల్లెలు, మాదిగపల్లెల నుంచి క్రైస్తవంలోకి పోయినవాళ్లను పాత మతం వదిలి కొత్తది పట్టారని నిందించినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ పాత సంప్రదాయంలో వాళ్ల చోటు ఎక్కడుంది? ప్రాకారం బయట. మద్రాసు రాష్ట్రంలో గుడి తలుపులు వాళ్లకు తెరవాలన్న చట్టం 1947లో వచ్చింది. అప్పటికి నరసాపురం మిషనుకు నూరేళ్లు దాటాయి. తాత కాలం నుంచీ సొంత ప్రార్థనా మందిరంలో చాప మీద కూర్చుని పాటలు పాడుకున్న కుటుంబానికి, మాది మీకంటే పాతది అన్న మాట ఎలా వినబడి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ పాతదనం ఎవరిది? గర్భగుడిలో ఉన్నవాడిదీ, వాకిట్లోకి కూడా రావడానికి వీల్లేనివాడిదీ ఒకటే సంప్రదాయం ఎలా అవుతుంది? నిజానికి వాళ్ల పెద్దలు కొలిచిన పోలేరమ్మలు, ఊరి పొలిమేర దేవతలు శాస్త్రాలు రాసుకున్న దేవుళ్లకంటే పాతవాళ్లు కావచ్చు. ఆ పాతదనాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మిషన్లు వచ్చిన ఆ శతాబ్దంలోనే రాజమండ్రిలో మరో పోరు నడిచింది. కందుకూరి వీరేశలింగం వితంతు వివాహం కోసం శాస్త్రాలతోనే వాదించారు. వంగదేశంలో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పరాశర స్మృతిని ముందుకు తెచ్చినట్టే ఈయనా తెచ్చారు. పైడా రామకృష్ణయ్య డబ్బు సాయంతో 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిగింది, నాలుగు రోజులకే రెండోది. పీఠం నుంచి వెలి శ్రీముఖాలు వచ్చాయి. పందిట్లో భోజనం చేసినవాళ్లను కూడా బంధువులు దూరం పెట్టారు. స్మృతిలో అనుమతి ఉందని చూపించినా లాభం లేకపోయింది. వెలివేసినవాళ్లు తమ తాతలు చేసినదాన్నే సంప్రదాయం అనుకున్నారు. గ్రంథం వాళ్ల తాతలకంటే పాతదని తెలిసినా మనసు మార్చుకోలేదు. పాతదనం మీద నిలబడ్డ వాదన నిజంగా పాతదాన్ని చూపించగానే ఎలా జారుకుంటుందో ఇక్కడ తేటగా కనబడుతుంది. అయిదేళ్ల పిల్లకు పెళ్లి చేసి ఎనిమిదో ఏట బొట్టు చెరిపిన ఆచారం కూడా కాలపరీక్షకు నిలిచినదే. చాలా తరాలు నిలిచింది.

వీరేశలింగం తర్వాత బ్రహ్మసమాజం దారిన పోయారు, చివరికి జంధ్యమూ వదిలేశారు. ఆ సమాజం కూడా ఈ ప్రశ్నతోనే తలపడింది. రామ్మోహన్ రాయ్ 1828లో ఉపనిషత్తులను ఆసరా చేసుకుని దాన్ని మొదలుపెట్టాడు. దేవేంద్రనాథ్ ఠాకూర్ నలుగురు విద్యార్థులను కాశీకి పంపి తలా ఒక వేదం చదివించాడు. వాళ్లు తెచ్చినది విని, తానూ చదివి, 1850 ప్రాంతంలో వేదం తప్పులేనిదన్న మాటను సమాజం వదిలేసింది. తెలిసీ పాత ఆసరాను చేజేతులా వదులుకున్న మతసంఘాలు చరిత్రలో అరుదు. ఆ నిజాయితీ ముందు తల వంచాలనిపిస్తుంది. కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు ఆ దీపాన్ని మరికొంత కాలం కాపాడారు. ఇవాళ గోదావరి జిల్లాల్లో బ్రహ్మసమాజీకులు ఎంతమంది? వేళ్ల మీద లెక్కపెట్టాలి. నిలవలేదు కాబట్టి వాళ్లు చెప్పింది తప్పా? వాళ్లు చెప్పిన వితంతు వివాహం, ఆడపిల్లల చదువు ఇప్పుడు ఈ ఒడ్డున అందరి ఇళ్లలోనూ ఉన్నాయి.

స్వతంత్ర భారతంలో రాజ్యాంగం 25వ అధికరణం మతస్వేచ్ఛకు వయసు షరతు పెట్టలేదు. కోర్టులు మాత్రం ఆ షరతును పక్క దారిన తెచ్చాయి. ఆనందమార్గం 1955లో పుట్టింది. తాండవ నృత్యాన్ని 1966లో తన ఆచారాల్లో చేర్చుకుంది. పుర్రె, కత్తి పట్టుకుని వీధుల్లో ఊరేగింపుగా ఆ నృత్యం చేయవచ్చా అన్న తగవు సుప్రీంకోర్టుకు చేరింది. ఈ సంస్థే కొత్తది, ఈ నృత్యం అంతకంటే కొత్తది, కాబట్టి ఇది ముఖ్యమైన మతాచారం కాదని 1983లో కోర్టు తేల్చింది. 2004లోనూ అదే వైపు నిలబడింది. కత్తితో ఊరేగడం వీధి శాంతికి చెరుపైతే ఆ మాట చెప్పి ఆపవచ్చు. దానికి ఆ నృత్యం వయసు అక్కర్లేదు. వెయ్యేళ్ల క్రితం కాశ్మీర రాజు చేసిన తప్పునే మళ్లీ చేయడం నన్ను కలచివేస్తుంది.

ఈ వయసు లెక్క కొవ్వూరు చుట్టుపక్కల పల్లెల్లో కాగితాల మీద ఎలా పడుతుందో కూడా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ప్రధానంగా హిందువులకే షెడ్యూల్డు కులాల హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులనూ ముస్లింలనూ చేర్చలేదు. ఈ నేలలో పుట్టిన పాత మతాలు, బయటి నుంచి వచ్చిన మతాలు అన్న గీత ఉత్తర్వులో పైకి కనబడదు గాని, ఎవరు లోపల ఎవరు బయట అని చూస్తే అక్కడే ఉంది. ఒకే పేటలో ఒకే గోడ పంచుకునే రెండు ఇళ్లు. ఒకరి పూర్వీకుడు ఆనకట్ట కూలీగా పోయి బాప్తిస్మం తీసుకున్నాడు, ఆ వారసుడు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి, ఒక్క శాతం కోటా. పక్కింటివాడు అంబేడ్కర్ 1956లో నాగపూర్‌లో చూపిన దారిలో బౌద్ధం తీసుకున్నాడు, ఎస్సీ హోదా అలాగే ఉంది. ఇద్దరినీ ఊరు చూసే చూపు ఒకటే. టీ కొట్టులో విడి గ్లాసు పెట్టిన రోజుల్లో ఇద్దరికీ పెట్టింది ఆ గ్లాసే. ఈ ఉత్తర్వును సవాలు చేసిన పిటిషన్లు 2004 నుంచి సుప్రీంకోర్టులో ఉన్నాయి. వాటి మీద తీర్పు ఎప్పుడు వచ్చినా, ఆ మనుషులకు ఏం జరిగింది, ఏం జరుగుతోంది అన్నది చూసి ఇవ్వాలి. వాళ్ల దేవుడు ఈ నేలకు ఎప్పుడొచ్చాడన్నది చూసి ఇవ్వకూడదు.